ముద్ర ఆరేదాకా

బిక్కవోలు గుడి కౌంటరు దగ్గర
సంచిలోంచి ఆ పుస్తకం తీశాను.
నీలం పట్టు అట్ట, లోపల మడతల కాగితం,
లాగితే హార్మోనియం తిత్తిలా సాగుతుంది.
"దీని మీద ముద్ర వెయ్యాలండీ."
గుమస్తా పేరూరి విశ్వంగారు కళ్ళజోడు పైకి తోసుకుని
"అర్చనా? అభిషేకమా?" అన్నారు.

రెండూ కాదండీ.
వచ్చానని.
వచ్చినట్టు ఒక గుర్తు.

ఆయనకి మొదట్నుంచీ చెప్పాల్సొచ్చింది.

మా ఫ్యాక్టరీ భీమవరం అవతల.
రొయ్య ఒలిచి, కడిగి, మంచులో పేర్చి పంపిస్తాం.
నేను ల్యాబులో.
మొన్న మాఘంలో రెండు కంటైనర్లు
ఒసాకా రేవులో ఆగిపోయాయి.
ఏ చెరువులో ఎవరు కలిపిన మందో,
ఆవగింజంత, ఆవగింజలో వెయ్యో వంతు,
కాగితాల మీద ఎర్ర ముద్ర పడింది.
సంజాయిషీ చెప్పి రమ్మని నన్ను పంపారు.
స్వెట్టరు అరువు తెచ్చుకుని వెళ్ళాను.

ముద్ర వేసినాయన పేరు ఒకుదా.
మూడు రోజులు బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం.
నా అంకెలన్నీ ఓపిగ్గా విని, కాదన్నాడు.
ఆదివారం పొద్దున్నే హోటలు ముందు నిలబడున్నాడు,
చేతిలో రెండు రైలు టికెట్లు.

నారాలో జింకలు తల వంచి బిస్కట్లు అడుగుతున్నాయి,
అప్పు కోసం వచ్చిన పెద్దమనుషుల్లా.
గుడి ముందు రాతి తొట్టి, వెదురు గరిట.
ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి, ఆ పైన నోరు.
మిగిలిన నీళ్ళు గరిట కాడ మీదికి జారవిడవాలి,
తర్వాత పట్టుకునేవాళ్ళ కోసం.
రోజుకి నలభైసార్లు చేతులు కడుగుతాను నేను.
నా తర్వాతవాళ్ళ కోసం
ఏనాడూ ఏదీ కడగలేదు.

లోపల నేల, మేజోళ్ళలోంచి,
మా మంచుగదిలా తగిలింది.
చీకట్లో మనిషికి మూడింతల బుద్ధుడు,
అరచెయ్యి ఎత్తి.
ఆగు అని కాదు, భయపడకు అని.
మూడు రోజులుగా నాకు అందరూ చూపించింది
మొదటి అర్థమే.
స్వెట్టరు చేతికి ముక్కు తుడుచుకున్నాను.
అది నాది కూడా కాదు.

ఎర్ర తోరణం దాటి ఇంకో గుడి.
రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టాలిట.
కొట్టాను. అలవాటు కొద్దీ లెంపలు కూడా వేసుకున్నాను.
ఒకుదా నన్ను చూసి తనూ వేసుకున్నాడు,
గట్టిగా,
నిజంగానే ఏదో తప్పు చేసినవాడిలా.

ఈ పుస్తకం అప్పటికే కొనిచ్చాడు,
బుద్ధుడి గుళ్ళో.
ముసలి పూజారి కుంచెతో ఏదో రాశాడు,
గాలివానకి పడిపోయిన చేలా ఉంది రాత.
దాని మీద ముద్ర దిగింది.
అదే ఎరుపు. మా కాగితాల మీది ఎరుపే.
ఇద్దరం చూశాం.
ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

విశ్వంగారు అంతా విని
"మరి సరుకు?" అన్నారు.
వెనక్కొచ్చిందండీ.
"ఊఁ" అంటూ సొరుగు లాగారు.
చెక్కపిడి ముద్ర ఉంది గానీ
ఇంకు ప్యాడు ఎండు చెరువులా బీటలు వారింది.
నీళ్ళు చిలకరించారు, ఊదారు, లాభం లేదు.
లేచి లోపలికెళ్ళి
వినాయకుడి పాదాల దగ్గర కుంకం చిటికెడు తెచ్చి
తీర్థంలో కలిపి, ముద్ర ముంచి,
రెండో మడత మీద ఊపిరి బిగబట్టి ఒత్తారు.

వంకరగా పడింది. సగం అక్షరాలు కారాయి.
కింద బాల్‌పెన్నుతో తేదీ వేసి
"స్వయముగా వచ్చియున్నారు" అని రాసి
సంతకం పెట్టారు.
ఎంతివ్వాలండీ?
"దీనికి రసీదు లేదమ్మా."

ఇక్కడ స్వామి చెవిలో కోరిక చెప్పుకుంటారు.
నా ముందావిడ చాలాసేపు చెప్పుకుంది.
నా వంతు వచ్చేసరికి కోరికేదీ తోచక
ఒకుదా పేరు చెప్పాను.
కంటైనర్ల నంబర్లు కూడా.

బయట వరిచేల మధ్య పాత గుళ్ళ వైపు నడిచాను,
పుస్తకం తెరిచే పట్టుకుని.
గట్టు మీద కుర్రాడొకడు సైకిలు దిగి
"ఏంటండీ అది, జాతకమా?" అన్నాడు.
కుంకం ఇంకా తడి.
మూస్తే ఎదుటి పేజీకి అంటుకుంటుంది.
ఎదుటి పేజీలో నారా ఉంది.